డోలుకి ఈత రాదు

హోప్ టౌన్,
అక్టోబరు 12

బుగ్గోడా,

ముప్పై మూడేళ్ళ మగాణ్ణి అలా పిలవొద్దంటావు. వద్దనడానికి నువ్వు ఎదురుగా లేవు, అందుకే పిలుస్తున్నాను. అమ్మ పోయినాక నిన్ను చంకనేసుకుని, నెత్తిన చేపల తట్ట పెట్టుకుని జెట్టీ మీదకి వెళ్తుంటే వచ్చేపోయే వాళ్ళంతా నీ బుగ్గలు గిల్లీవోరు. ఆ బుగ్గలు ఇప్పుడెలా ఉన్నాయో.

ఫోన్ నంబరు మార్చీసావు. కొత్తది నాకు ఇవ్వలేదు. మన గణపతి ఈ దీవుల నుంచి షిప్పులో విశాఖపట్నం వెళ్ళినప్పుడు హార్బరంతా తిరిగి, నువ్వు ఏ బోటు మీద పని చేస్తున్నావో కనుక్కుని ఈ అడ్రసు పట్టుకొచ్చాడు. నాలుగో క్లాసు చదువు నాది, అక్షరాలు వంకరపోతే నవ్వకు. అయినా ఇదే నయం. ఫోన్లో అయితే ఏడుపొచ్చి మాట తెగిపోద్ది. కాగితం అయితే ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్ళీ రాయొచ్చు.

నా శివాజీ పోయి ఆరు నెలలు దాటింది. వాడి చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, నేను తియ్యలేదు. డోలు లోపల బల్ల మీద ఉంది. మనోళ్ళ పద్ధతి నీకు తెలుసు కదా. రామడోలు వాయించేవాడు పోతే ఏడాది తిరిగేదాకా డోలు వాడింట్లోనే పడుకోవాలి. మళ్ళీ నూకాలమ్మ సంబరం నాడు ఆ ఇంటి ఆడదే పసుపు రాసి గడప దాటించాలి. గడప దాటాక అమ్మవారి ముందు దిగేదాకా అది నేల తాకకూడదు. ఈ పద్ధతి పెట్టిన పెద్దలెవరో గానీ నా కోసమే పెట్టారు. మేళానికి పెద్దయిన గవరయ్య ఇప్పుడు నా గుమ్మంలో నిలబడి నన్ను అడగాలి.

మొన్న వచ్చాడు. లోపలికి రాలేదు, నేను రమ్మనలేదు.

"ఎరుకమ్మా, డోలుని ఓసారి ఎండకి పెట్టుకోనిస్తావా? ఈ ముసురుకి తోలు మెత్తబడిపోద్ది" అన్నాడు.

"నా కొడుకు మూడు రోజులు నీళ్ళలో మెత్తబడిపోయాడు. వాణ్ణి ఎండకి పెట్టావా?" అన్నాను.

తల దించుకుని ఎలిపోయాడు. మెట్లు దిగుతుంటే మోకాలు పట్టుకున్నాడు. నాకు బాగుంది. నిజంగా చెబుతున్నాను, ఆరు నెలల తర్వాత ఆ పూట అన్నం సయించింది.

ఆ రోజు సంగతి నేను మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటాను, ఎక్కడా తప్పిపోకుండా. అవతలి ఒడ్డు పేట డైరీ ఫార్మ్‌లో సంబరం. ఫెర్రీ వాడు అంత పెద్ద డోలు ఎక్కించుకోనన్నాడు. నీ డోంగీ పడవలో బయల్దేరారు, నువ్వు, శివాజీ, గవరయ్య. నేల తాకకూడదని డోలుని శివాజీ ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్ద షిప్పు అల కొట్టింది. వాడూ డోలూ కలిసి నీళ్ళలో పడ్డారు. డోంగీలో ఉన్నది ఒక్కటే తాడు. ఆ తాడుతో ముందు డోలుని లాగారు. తర్వాత చూస్తే నా కొడుకు లేడు. ఒడ్డు మీద నేను నీ చొక్కా పట్టుకుని అడిగాను, డోలుని ముందు లాగమన్నది ఎవడ్రా అని. "గవరయ్యే అప్పా" అన్నావు. ఆ ముసలోడు నీ పక్కనే ఉన్నాడు, కాదనలేదు. కాదని ఎలా అంటాడు?

ఆ మాట ఒక కాగితం మీద రాసి కింద సంతకం పెట్టి పంపు. సంబరం లోపల కులపెద్దల ముందు చదివిస్తాను. వాడు మేళంలోంచి దిగాలి, ఈ ఊళ్ళో వాడి చేతి నీళ్ళు ఎవరూ తాగకూడదు. నా కొడుకు లేని సంబరంలో వాడు పూలదండ వేసుకుని నిలబడకూడదు.

త్వరగా రాయి.

నీ అప్ప
ఎరుకమ్మ


విశాఖపట్నం,
నవంబరు 3

అప్పా,

నీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ కూడా వానే. తుపాను హెచ్చరిక పెట్టారు, నాలుగు రోజులు బోట్లు కదల్లేదు.

డోలు ఆయనకి ఇచ్చీ అప్పా. ఎండకి పెట్టుకోనీ. తోలు పాడైతే శివాజీకే బాధ. వాడు దాన్ని ఎలా చూసుకునేవాడో తెలుసు కదా, తన మంచం మీద దుప్పటి తీసి దానికి కప్పీవోడు.

గవరయ్య పెద్దయ్యని ఏమీ అనకు. ముసలి మనిషి.

కాగితం సంగతి, రేపో ఎల్లుండో వేటకి పోతున్నాం. పదిహేను రోజులు పట్టొచ్చు. వచ్చాక చూస్తాను.

నేను చేపలు తినడం మానీసాను. బోటు మీద అందరూ నవ్వుతున్నారు, పప్పుచారు తాగే వేటగాణ్ణి ఎక్కడా చూడలేదని. బుగ్గలు ఎక్కడున్నాయి అప్పా, ఎప్పుడో పోయాయి. నువ్వు వేళకి తిను.

తమ్ముడు
పైడిబాబు


హోప్ టౌన్,
డిసెంబరు 20

బుగ్గోడా,

నెల ఎదురుచూసాక ఉత్తరం వచ్చింది, నాలుగు ముక్కలు. అందులో ఒకటి వాన, ఒకటి తుపాను, ఒకటి ముసలోడి మీద జాలి. నా కొడుకు మీద ఎన్ని రాసావో నువ్వే లెక్కపెట్టుకో. నాకు కోపం లేదు. నువ్వూ కుమిలిపోతున్నావు, తెలుసు. వాడు నిన్ను మావా అని ఒకరోజైనా గౌరవంగా పిలిచాడా? ఒరే మావా అనీవోడు. కలిసి తిని, కలిసి పడుకుని, ఒకే చొక్కా ఇద్దరూ తొడుక్కున్నారు. అందుకే చేపలు మానీసావు. నేను మానలేదు. నేను తింటున్నాను, బలం కావాలి నాకు.

ఇక్కడి సంగతులు విను.

గవరయ్య పెళ్ళాం తాతమ్మ గిన్నెలో సురమై చేప పులుసు పెట్టుకుని వచ్చింది. "నీకిష్టం కదా ఎరుకా, ఒక్క ముద్ద తిను" అంది. ఆమె చూస్తుండగానే గిన్నె తీసుకెళ్ళి పిల్లి ముందు పెట్టాను. తాతమ్మ పిల్లి తినడం అయ్యేదాకా నిలబడి, గిన్నె కడుక్కుని పట్టుకెళ్ళింది. పోతూ పోతూ "పిల్లికైనా నచ్చింది, సంతోషం" అంది. ఆ ముసల్దాని నోరు నీకు తెలుసు కదా.

మొన్న ఆదివారం కులపెద్దలు కూచున్నారు. నేను చెప్పాల్సింది చెప్పాను. వాళ్ళు గవరయ్య కేసి తిరిగి "ఏటంటావు?" అన్నారు. "ఆమె ఏం చెబితే అదే" అన్నాడు. కాదనడు, ఔననడు. నన్ను అడిగారు, "కాగితం ఏదమ్మా, పైడిబాబు రాసింది?" అని. వస్తోందన్నాను. వస్తోంది కదూ?

సరే, ఇచ్చేది ఎలాగూ ఇవ్వాలి, అమ్మవారి డోలు. ఇవ్వకపోతే నేనే చెడ్డదాన్నవుతాను. కానీ గడప దాటించేదాన్ని నేను కదా, షరతు నాది. పెద్దల ముందే చెప్పాను. సంబరం నాడు డోలుని హోప్ టౌన్ నుంచి డైరీ ఫార్మ్ దాకా గవరయ్య ఒక్కడే మొయ్యాలి. ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు, ఆటోలో అయినా బస్సులో అయినా వాడి ఒళ్ళోనే ఉండాలి. నేను వెనకాల నడుస్తాను, చూస్తాను.

పెద్దలు గొణిగారు. "అరవై ఆరేళ్ళ మనిషమ్మా. అది మీ తాత తొలిచిన పడాక్ చెక్క డోలు, ఇద్దరు మోసేది" అన్నారు. నేనన్నాను, "నా కొడుకు ఒక్కడే ఒళ్ళో పెట్టుకున్నాడు" అని.

ముసలోడు "అలాగే అమ్మా" అన్నాడు.

అదే నాకు మండిపోద్ది బుగ్గోడా. తిరగబడడు. తిడితే పడతాడు. పడేవాణ్ణి ఎంతసేపని తిడతాం? అయినా తిడుతూనే ఉన్నాను. పొద్దున్న నీళ్ళ కుళాయి దగ్గర, జెట్టీ దగ్గర, కనబడిన చోటల్లా.

ఇంకోటి కూడా అనుకున్నాను. అది ఇప్పుడు రాయను, చేసాక రాస్తాను.

కాగితం పంపు.

అప్ప


విశాఖపట్నం,
ఫిబ్రవరి 2

అప్పా,

కాళ్ళు పట్టుకుంటాను, ఆయన చేత మోయించకు. ఆయన కుడి మోకాలు అరిగిపోయింది, హోప్ టౌన్‌లో అందరికీ తెలుసు. ఫెర్రీ మెట్లు ఎక్కలేడు. బస్సులో ఆ డోలు పట్టదు, ఆటోవాళ్ళు ఎక్కించుకోరు. అందుకే కదా ఆ రోజు మనకి ఆ తిప్పలన్నీ.

నువ్వు ఇంకోటి అనుకున్నానని రాసావు. అదేటో నాకు భయంగా ఉంది. ఏమీ చెయ్యకు.

నేనే వస్తాను అప్పా. నేనొచ్చి మోస్తాను. హోప్ టౌన్ నుంచి డైరీ ఫార్మ్ దాకా డోలు నేను మోస్తాను, ఒక్కణ్ణే. నువ్వు ఎలా మొయ్యమంటే అలా. షిప్పు టికెట్ కోసం చూస్తున్నాను. సంబరం లోపల దొరికితే వచ్చీస్తాను.

కాగితం గురించి నాలుగుసార్లు కూచున్నాను. పెన్ను కదల్లేదు. నీకు చెప్పాల్సింది ఒకటి ఉంది. ఉత్తరంలో చెప్పేది కాదు. వచ్చాక చెబుతాను.

బాగా తింటున్నావా?

నీ తమ్ముడు
పైడిబాబు


హోప్ టౌన్,
మార్చి 21

బుగ్గోడా,

సంబరం లోపల షిప్పులు మూడు వచ్చాయి. మూడిటికీ జెట్టీకి వెళ్ళాను. నువ్వు దిగలేదు. సర్లే. టికెట్ దొరికి ఉండదు.

అయిపోయింది. అంతా రాస్తాను, కూచుని చదువు.

ముందు నేను దాచింది చెబుతాను. సంబరానికి ముందు రోజు డోలుకి పసుపు రాయడానికి కూచున్నాను. చేపలు కోసే కత్తి తీసుకున్నాను. పెద్ద తోలు వైపు, తాళ్ళ కింద అంచు మడత ఉంటుంది కదా, అక్కడ నాలుగు వేళ్ళ మేర కోసాను. పైన పసుపు దట్టంగా రాసాను, కుంకం బొట్లు పెట్టాను. పైకి ఏమీ తెలీదు. కొడితే మోగదు. నా కొడుకు కంటే ముందు పైకి తీసుకున్న డోలు కదా, వెయ్యి మంది ముందు దాని నోరు పడిపోవాలి. దాంతో పాటు గవరయ్య పరువూ పోవాలి. ట్యూనా కోసినట్టే కోసాను.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు, తడి బట్టలతో, తలకి స్నానం చేసి. నేను గడప దాటించి వాడి చేతుల్లో పెట్టాను. మోసే తోలు పట్టెడ మెడలో వేసుకుని, డోలు పొట్ట మీదకి తీసుకున్నాడు. అరచేత్తో ఓసారి తోలుని తడిమాడు. ఒక్క క్షణం ఆగాడు. నా మొహంలోకి చూసాడు. తర్వాత మెట్లు దిగాడు.

తాతమ్మ గుమ్మంలో నిలబడి "కొంగైనా చుట్టనీ, భుజం ఒరిసిపోద్ది" అని అడిగింది. వద్దన్నాను. ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదన్నాను కదా.

జెట్టీ దగ్గర ఫెర్రీ వాడు మళ్ళీ అదే పాట. "దాదా, యే నహీ చలేగా. సామాను బోటులో రండి" అన్నాడు. గవరయ్య డోలు పెట్టుకుని అలా నిలబడ్డాడు. ఎక్కే జనం ఇటూ అటూ తోసుకుంటూ వెళ్తున్నారు, డోలు దారికి అడ్డం. చివరికి ఫెర్రీ వాడికే చిరాకేసి, "అరే, ఎక్కవయ్యా ఎక్కు, ఇంజను పక్కన నిలబడు" అన్నాడు. చూసావా? కాసేపు నిలబడితే ఎక్కించుకున్నాడు. ఆ రోజు కూడా నిలబడి ఉంటే? ఈ ఆలోచన వచ్చి ఇంకా మండింది నాకు. ఆ రోజు నిలబడడానికి ఎవరికి ఓపిక లేకపోయింది?

నడి సముద్రంలో, ఆ చోటికి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. ఆయన్నే చూస్తూ ఉన్నాను.

అవతలి జెట్టీ మెట్లు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, మళ్ళీ ఒకటి. బస్సు డ్రైవరు తల ఊపి "టాప్ మీద పడెయ్యి తాతా" అన్నాడు. పడెయ్యడానికి లేదు కదా. తలుపులో డోలు ఇరుక్కుంది, ముందుకి రాదు వెనక్కి పోదు, వెనకాల జనం అరుపులు. దిగిపోయాడు. ఆటోలు నాలుగు ఆగాయి, నాలుగూ పోయాయి. ఒకడు "పెళ్ళా, చావా?" అని అడిగాడు. నేనన్నాను, "రెండూ కాదు భయ్యా, మొక్కు" అని.

నడిచాడు. అబర్డీన్ బజార్ దాకా ఎండలో నడిచాడు. బస్టాండు దగ్గర కాలు పట్టీసి గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు, డోలు పొట్ట మీదే. పళ్ళమ్మే దీదీ స్టూలు తెచ్చి వేసింది, డోలు దాని మీద పెట్టమని. "పెట్టకూడదమ్మా" అన్నాడు. నేను ఎదురుగా బెంచీ మీద కూచుని రెండు సమోసాలు తిన్నాను. టీ తాగాను. ఆయన చూస్తుండగా నెమ్మదిగా తిన్నాను. ఆ దీదీ నన్ను చూసిన చూపు చూడాలి నువ్వు. "మీ ఇంటి మనిషేనా?" అంది. "కాదు. నా కొడుకు బాపతు" అన్నాను.

అక్కణ్ణించీ నడిచే డైరీ ఫార్మ్ చేరేసరికి సంబరం కమిటీ తిరుమలరావు గారు మైకులో మూడుసార్లు పిలిచీసారు. పట్టెడ పడిన చోట ఆయన మెడ చర్మం ఊడి వచ్చింది. అమ్మవారి ముందు డోలు దించాడు. దండ వేసారు. కర్ర తీసుకున్నాడు. మైదానం అంతా జనం. నేను ముందు వరసలో నిలబడ్డాను.

కొట్టాడు. బొక్క పడ్డ బిందెలా మోగింది. పిల్లలు నవ్వారు. రెండోసారి కొట్టాడు, నాలుగు వేళ్ళ కోత జానెడైంది. మూడు దెబ్బలు కొట్టాలి కదా, మూడోది కూడా కొట్టాడు. తోలు నోరు తెరిచినట్టు తెరుచుకుంది. ఎవరో ఈల వేసారు. తిరుమలరావు గారు "ఇదేటి గవరయ్యా, చూసుకోవద్దా?" అని మైకులోనే అరిచారు. గవరయ్య మైకు దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదే. తోలు చూసుకోలేదు. క్షమించండి" అన్నాడు.

ఆయనకి పొద్దున్నే తెలుసు బుగ్గోడా. గడప దగ్గర చెయ్యి వేసినప్పుడే తెలిసిపోయింది. యాభై ఏళ్ళు డోలు కొట్టిన చెయ్యికి తెలీదా? తెలిసీ అంత దూరం మోసాడు.

పగ తీరింది. మరి నాకెందుకు ఇలా ఉంది? ఒకటే ఆకలి. ఇంటికొచ్చి అన్నం పెట్టుకుంటే లోపలికి పోవడం లేదు.

ఇంకో సంగతి. ఇది నాకు బోధపడలేదు, నువ్వు చెప్పాలి. కుళాయి దగ్గర ఆయన మెడ కడుక్కుంటుంటే వెళ్ళాను, ఇంకా నాలుగు అందామని. నేను నోరు తెరిచేలోపల ఆయనే అన్నాడు. "ఎరుకమ్మా, మీ తమ్ముడికి ఓ మాట రాయి. ఏడాది మోసాను, ఇంక నా వల్ల కాదు అని."

డోలు మోసింది ఒక్క పూట. ఏడాదేటి? నీకు రాయడమేటి?

నువ్వు చెప్పాల్సింది ఉందన్నావు. చెప్పు.

అప్ప


విశాఖపట్నం,
ఏప్రిల్ 9

అప్పా,

ఈ ఉత్తరం చదివాక నన్ను బుగ్గోడా అనవు. అందుకే నీ పాత ఉత్తరాలు ఇంకోసారి చదువుకుని అప్పుడు రాస్తున్నాను.

టికెట్ దొరికింది. రెండుసార్లు దొరికింది. ఎక్కలేదు.

ఆ రోజు ఫెర్రీ వాడు కాదన్నప్పుడు గవరయ్య పెద్దయ్య, "నిలబడదాం, తర్వాతి ఫెర్రీ వాడైనా ఎక్కించుకుంటాడు" అన్నాడు. నేనే తొందరపెట్టాను. నా డోంగీకి కొత్త ఇంజను కదా, చూపించుకోవాలని. పది నిమిషాల్లో దింపీస్తానన్నాను.

అల కొట్టి పడ్డాక శివాజీకి ఏమీ కాలేదు అప్పా. డోలు తేలుతోంది, దాన్ని పట్టుకుని వాడూ తేలుతున్నాడు. నవ్వుతున్నాడు. "ఒరే మావా, తాడెయ్యి" అన్నాడు. గవరయ్య పెద్దయ్య "గుంటణ్ణి లాగు ముందు, గుంటణ్ణి లాగు" అని అరుస్తున్నాడు. నేను తాడు విసిరి చెప్పాను. "నీకు ఈత వచ్చు కదరా. డోలుకి ఈత రాదు. తాడు డోలుకి కట్టు." నా నోటితో నేనే అన్నాను. వాడు "అలాగే" అని కట్టాడు, మన తాత నేర్పిన ముడి.

మన గుంటడికి నీళ్ళంటే భయమేటి అనుకున్నాను అప్పా. నడక రాకముందే ఈదాడు. డోలు తడిస్తే పాడైపోద్ది, అమ్మవారిది, అదే ఆలోచన. రెండు చేతులా డోలుని లాగుతున్నాను. ఆ బరువుకి డోంగీ ఒరిగి గిరుక్కున తిరిగింది. అంచు వాడి తలకి తగిలింది. చప్పుడు విన్నాను. డోలు చప్పుడనుకున్నాను.

పెద్దయ్య దూకాడు. ఆ మోకాళ్ళతో దూకి, మూడుసార్లు మునిగాడు. మూడోసారి నేనే జుట్టు పట్టి పైకి లాగాను. నేను మాత్రం దూకలేకపోయాను. నా చేతిలో తాడుంది.

ఒడ్డు మీద నువ్వు నా చొక్కా పట్టుకుని అడిగినప్పుడు నీ కళ్ళు చూసాను. నా నాలుక గవరయ్య అనీసింది. ఆయన నిలువునా తడిసి నా పక్కనే ఉన్నాడు. నా కేసి చూసాడు. తర్వాత నన్ను వేరేగా పిలిచి చెప్పాడు. "మొగుడు లేడు, కొడుకు పోయాడు. ఆమెకి మిగిలింది నువ్వొక్కడివే. నిన్ను కూడా పోగొట్టుకుంటే బతకదు. నన్ను తిట్టుకోనీ. నువ్వు ఎప్పటికైనా నీ నోటితో చెప్పు."

ఆ మాట మీదే ఏడాది మోసాడు.

నన్ను ఏం చేసినా పడతాను. చావమంటే చస్తాను.

పైడిబాబు


హోప్ టౌన్,
ఏప్రిల్ 28

పైడిబాబుకి,

పైన అలవాటు కొద్దీ రాసిన మాట కొట్టీసాను. మరక కనబడుతుంది, పట్టించుకోకు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి బయటికే చదివాను, గుమ్మంలో శివాజీ చెప్పులకి వినబడేలా. తర్వాత గవరయ్య మావ ఇంటికి వెళ్ళాను. మంచం మీద ఉన్నాడు, సంబరం నాటి నుంచి కుడి కాలు కింద పెట్టలేదు. తాతమ్మ గుమ్మంలోనే అడిగింది, "రా తల్లీ. ఈసారి కత్తి ఎక్కడ పెట్టావు?" అని. పడ్డాను. ఈసారి నేను పడాలి కదా.

"ఎందుకు చెప్పలేదు?" అని ఆయన్ని అడిగాను.

"చెబితే నీకు తమ్ముడు లేకుండా పోతాడు" అన్నాడు.

"ఇప్పుడు మాత్రం ఉన్నాడా?" అన్నాను.

ఆయన మోకాలికి ఆముదం కాచి రాసాను. రోజూ వెళ్ళి రాస్తున్నాను. తాతమ్మ పులుసు పెట్టింది. "పిల్లి వదిలింది తిను" అంది. తిన్నాను.

నీ సంగతి.

చావమంటే చస్తానన్నావు. చావు తేలిక. నా కొడుకు చచ్చాడు కదా, వాడికి ఏ బరువూ లేదు. నువ్వు చావకూడదు. నిన్ను తిట్టను. కులపెద్దల ముందుకి కూడా ఈడవను. వాళ్ళకి నిజం చెప్పీసాను, అది గవరయ్య మావ కోసం.

డోలుకి కొత్త తోలు బిగించారు. మళ్ళీ నా ఇంట్లోనే పెట్టుకున్నాను, బల్ల మీద. పెద్దలని అడిగాను, ఒప్పుకున్నారు. వచ్చే సంబరానికి నేనే పసుపు రాసి గడప దాటిస్తాను. నువ్వు వస్తావు. టికెట్ దొరకలేదని రాయకు. హోప్ టౌన్ నుంచి డైరీ ఫార్మ్ దాకా ఒక్కణ్ణే మోస్తానని ఫిబ్రవరి రెండో తారీకున నువ్వే రాసావు. ఎలా మొయ్యమంటే అలా అని కూడా రాసావు. నేను అడిగిన కాగితం పంపలేదు గానీ ఈ కాగితం పంపావు. కింద నీ సంతకం ఉంది. మడత పెట్టి డోలు పట్టెడకి కట్టాను.

ఫెర్రీ వాడు కాదంటే నిలబడతావు. ఎంతసేపైనా నిలబడతావు. బస్సు తలుపులో ఇరుక్కుంటావు, ఆటోలు పోతాయి, అబర్డీన్ బజార్‌లో నలుగురూ చూస్తారు. నేను ఎదురుగా కూచుని సమోసా తింటాను. నడి సముద్రంలో ఆ చోటికి వచ్చేసరికి నువ్వు కళ్ళు మూసుకోకూడదు. నేను చూస్తూ ఉంటాను. డోలు నీ ఒళ్ళోనే ఉండాలి, జారకూడదు. నీకు ఈత వచ్చు, నాకు తెలుసు. డోలుకి రాదు.

ఆ ఒక్క ఏడాదే అనుకోకు. గవరయ్య మావకి అరవై ఆరేళ్ళు, ఒక్కసారి మోస్తే మంచం ఎక్కాడు. నీకు ముప్పై మూడు. ఆయన వయసొచ్చే దాకా ప్రతి కొత్త అమావాస్య సంబరానికీ నువ్వే మోస్తావు. నేను ఉన్నన్నాళ్ళూ వెనకాల నడుస్తాను. నేను పోతే ఎవరూ చూడరని దించకు.

పప్పుచారు తాగుతున్నావట, బుగ్గలు పోయాయట. అది పడాక్ చెక్క, సన్నటి ఒంటి మీద ఆగదు. చేపలు మానొద్దు. వేళకి అన్నం పెట్టుకో.

బాగా తిను.

ఎరుకమ్మ